ఒక్క కోర్ మాత్రమే ఎందుకు కాగుతోంది? ప్రాసెసర్ కోర్ల మధ్య వేడి తేడాను పట్టుకోవడం ఎలా

వేడిని చూపించే సాఫ్ట్‌వేర్ తెరిచారు. ఆరు కోర్లు, అంటే ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే ఆరు భాగాలు, వరుసగా 64, 66, 65, 83, 67, 64 డిగ్రీలు అంటున్నాయి. మరి ఆ నాలుగోదాని గొడవేంటి?

ఇది చూడగానే చాలామంది చేసే పని ఒకటే: కూలర్ (ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడి లాగే పరికరం) పీకేసి, ఆ రెండిటి మధ్య వేడి దాటేందుకు పూసే పేస్ట్ కొత్తది రాయడం. ఒకప్పుడు నేనూ అంతే. పేస్ట్ మార్చడం తప్పేం కాదు. కానీ విప్పేముందు ఓ అరగంట కొలతలు రాసుకుంటే అసలు విప్పాలో వద్దో తెలుస్తుంది, విప్పాక ఏం వెతకాలో కూడా తెలుస్తుంది. కొలవకుండా విప్పితే మళ్లీ బిగించాక తేడా తగ్గిందో లేదో చెప్పుకోవడానికి మీ చేతిలో ఏమీ మిగలదు. అందుకని ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, కాగితం, పెన్ను తెచ్చుకోండి.

ఈ పనంతటిలో మనం వెతికే జవాబు ఒక్కటే. కూలర్‌ని తీసి, తిప్పి మళ్లీ పెడితే ఆ వేడి కోర్ చోటు మారిందా, అక్కడే ఉందా? మారితే దోషం బిగింపుదో, కూలర్‌దో. మారకపోతే చిప్‌ది. కింద చెప్పే మెట్లన్నీ ఆ ప్రశ్నని నిక్కచ్చిగా అడగడానికే.

ఎంత తేడా వస్తే పట్టించుకోవాలి

కోర్లన్నీ ఒకే వేడిలో ఉండటమన్నది ఏ చిప్‌లోనూ జరగదు. చిప్ లోపలి సిలికాన్ ముక్క మీద మధ్యలో ఉన్న కోర్‌కి రెండు పక్కలా కాగే కోర్లే పొరుగు. చివర ఉన్న కోర్‌కి ఒకపక్క గ్రాఫిక్స్ భాగమో, మెమరీ కంట్రోలరో ఉంటుంది. అవి అంతగా కాగవు కాబట్టి దాని వేడి అటు జారిపోతుంది. అందుకే నడిమి కోర్లు ఐదారు డిగ్రీలు ఎక్కువ చూపించడం మామూలే.

నా లెక్క ఇది. అన్ని కోర్లకీ సమానంగా పూర్తి పని పెట్టినప్పుడు అత్యధికానికీ అత్యల్పానికీ మధ్య 10 డిగ్రీల లోపు తేడా ఉంటే కంప్యూటర్ మూసేసి మీ పని చూసుకోండి. 10 నుంచి 15 మధ్య ఉంటే, కూలర్ ఈమధ్యే బిగించినదైతే ఓసారి చూడొచ్చు. 15 దాటితే చూడాలి. 20 దాటితే ఎక్కడో ఏదో సరిగ్గా ఆనలేదని అనుకునే మొదలుపెట్టండి. ఇవి ఏ కంపెనీ గీసిన గీతలూ కావు, విప్పి బిగించిన అలవాటుతో చెబుతున్నవి.

కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు కనిపించే తేడాను మాత్రం అసలు లెక్కలోకి తీసుకోకండి. ఇంటెల్ కోర్లలో ఉండే డిజిటల్ థర్మల్ సెన్సార్ థర్మామీటర్‌లా వేడిని సూటిగా చెప్పదు. చిప్‌కి పెట్టిన గరిష్ఠ హద్దుకి ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో చెబుతుంది. ఆ హద్దు పేరు టీజే మ్యాక్స్. ఈమధ్య వచ్చిన ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో చాలావాటికి అది 100 డిగ్రీలు. సెన్సార్ 35 అంటే సాఫ్ట్‌వేర్ ఆ 35ని 100లోంచి తీసేసి మీకు 65 అని చూపిస్తుంది. చిప్ కాలిపోకుండా కాపలా కాయడం దాని అసలు పని. అందుకే హద్దు దగ్గర నమ్మకంగా చెబుతుంది, కిందికి వచ్చేకొద్దీ ఉజ్జాయింపుగా చెబుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఒక కోర్ 29, పక్కది 36 అంటే అది సెన్సార్ల మధ్య మాటతేడా, అంతే. గదిలోనే 30 డిగ్రీలు ఉండగా ఫ్యాన్ కూలర్ కింద ఉన్న కోర్ 26 చూపిస్తే ఇంకేం సాక్ష్యం కావాలి? గాలితో చల్లబడే వస్తువు ఆ గాలికన్నా చల్లగా ఉండలేదు కదా.

ఇంకో మాట, సాటివాటినే పోల్చాలి. 2021లో వచ్చిన 12వ తరం నుంచి ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో చాలావాటిలో పెద్ద పీ-కోర్లు, చిన్న ఈ-కోర్లు కలిసి ఉంటున్నాయి. ఈ-కోర్లు నాలుగేసి ఒక గుంపుగా ఉంటాయి, తక్కువ కాగుతాయి. పీ-కోర్ 82, ఈ-కోర్ 66 అని కంగారుపడితే లారీని స్కూటర్‌తో తూచినట్టే. పీలని పీలతో, ఈలని ఈలతో పోల్చండి. ఏఎండీ కంపెనీ రైజెన్ 9 5900ఎక్స్, 5950ఎక్స్, 7950ఎక్స్ లాంటివాటిలో కోర్లు రెండు వేర్వేరు సిలికాన్ ముక్కల మీద ఉంటాయి, వాటిని సీసీడీలు అంటారు. రెండిట్లో ఒకటి ఎక్కువ వేగంతో పరిగెత్తి ఎక్కువ కాగడం సాధారణం. 7950ఎక్స్3డీలో అయితే ఒక ముక్క మీద మాత్రమే అదనపు క్యాష్ మెమరీ ఉంటుంది, కాబట్టి రెండూ ఒకేలా నడవవు. ఒక సీసీడీ లోపలి కోర్లని వాటిలో వాటితోనే పోల్చాలి.

తేలికపాటి పనిలో ఒకటి రెండు కోర్లే వేడెక్కడం కూడా జబ్బు కాదు. ఇంటెల్, ఏఎండీ రెండూ చాలా చిప్‌లలో మెరుగైన కోర్లకి గుర్తు పెడతాయి, విండోస్ ఒంటరి పనుల్ని వాటికే అప్పగిస్తుంది. పని చేసేవాడికే చెమట పడుతుంది.

1. ముందు సెట్టింగులు సరిచేసి, కొలవండి

బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగులలో) ఓవర్‌క్లాక్ (చిప్‌ని మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడపడం), వోల్టేజీ మార్పులు, ఒక్కో కోర్‌కి విడివిడిగా పెట్టిన కర్వ్ ఆప్టిమైజర్ (రైజెన్‌లలో కోర్ వోల్టేజీని సర్దే సెట్టింగు) అంకెలు ఏవైనా ఉంటే రాసుకుని డిఫాల్ట్‌కి తెండి. ఒక కోర్‌కి మీరే ఎక్కువ వోల్టేజీ ఇచ్చి అది కాగుతోందని కూలర్‌ని తిట్టడం అన్యాయం. 13, 14వ తరం ఇంటెల్ కె-చిప్ (పేరు చివర కె ఉన్నది) అయితే బయోస్‌ని తప్పకుండా కొత్తదానికి మార్చుకోండి. ఆ చిప్‌లు అవసరానికి మించి వోల్టేజీ అడిగి పాడవుతున్న సమస్యకి ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రాం) సవరణలు ఇస్తూ వచ్చింది. అవి మీకు బయోస్ ద్వారానే అందుతాయి.

తర్వాత ఫ్యాన్ వేగాన్ని బయోస్‌లో ఒకచోట కట్టేయండి, 70 శాతమో 80 శాతమో. ఫ్యాన్ తన ఇష్టం వచ్చినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటే రెండు కొలతల్ని పోల్చలేరు. గది వేడి ఎంతుందో కాగితం మీద రాయండి.

కొలవడానికి విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో లేదా కోర్ టెంప్ చాలు. ఒక్కటే తెరవండి. రెండు మూడు ఒకేసారి సెన్సార్లని పలకరిస్తే అప్పుడప్పుడు పిచ్చి అంకెలు వస్తాయి. లినక్స్‌లో ఎల్‌ఎం-సెన్సార్స్ ఉంటుంది. ఏఎండీ చిప్‌ల మీద అది కోర్ల వారీగా కాకుండా మొత్తానికి ఒక అంకె, ఒక్కో సీసీడీకి ఒక అంకె మాత్రమే చూపిస్తుంది. కాబట్టి రైజెన్ వాళ్లు ఈ ఒక్క పనికి విండోస్‌లోకి వెళ్లి హెచ్‌డబ్ల్యూఇన్ఫో వాడటం మేలు.

ఇప్పుడు బరువు పెట్టండి, అంటే కోర్లన్నిటికీ పూర్తి పని ఇచ్చే పరీక్ష ప్రోగ్రాం నడపండి. సినీబెంచ్ ఆర్23లో పది నిమిషాల పరీక్ష ఉంది, మొదటిసారికి అది సరిపోతుంది. కోర్లన్నిటికీ మరింత నిలకడగా పని కావాలంటే ప్రైమ్95లో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్ష పెట్టండి. పరీక్ష మొదలయ్యేముందు వచ్చే పెట్టెలో ఏవీఎక్స్‌ని (చాలా లెక్కల్ని ఒకేసారి చేయించే ఆదేశాలని) ఆపేసే టిక్‌లు ఉంటాయి, వాటిని పెట్టేయండి. ఏవీఎక్స్‌తో నడిపితే అది రోజువారీ పనిలో ఎప్పుడూ రాని వేడి పుట్టిస్తుంది. మనకి కావలసింది సమానమైన బరువు, చిత్రహింస కాదు.

పది నిమిషాలయ్యాక ఒక్కో కోర్‌కి మూడు అంకెలు రాయండి: వేడి, వేగం, వాడకం శాతం. అన్నీ నూరు శాతం పనిలో ఉండాలి, ఒకే వేగంలో ఉండాలి. ఒక కోర్ మిగతావాటికన్నా ఎక్కువ వేగంలో ఉంటే దాని వేడికి కారణం అక్కడే దొరికినట్టు.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. అత్యంత వేడి కోర్ హద్దుని తాకగానే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. అంటే ఆ కోర్ 100 దగ్గర ఆగిపోతుంది. దానితోపాటు మిగతావాటి వేగమూ తగ్గి అవి 92, 93 దగ్గర నిలుస్తాయి. కాగితం మీద తేడా ఏడెనిమిది డిగ్రీలే, బాగానే ఉందనిపిస్తుంది. అసలు తేడా హద్దు వెనక దాక్కుంది. అలా జరిగితే బయోస్‌లో పవర్ పరిమితి తగ్గించండి. ఉదాహరణకి 253 వాట్ల దాకా లాగే ఐ9-13900కెని 125 వాట్లకి కట్టేసి, అత్యంత వేడి కోర్ 85 లోపే ఉండేలా చూసి మళ్లీ కొలవండి. రైజెన్ 7000 వరుసలో చాలా చిప్‌లు పూర్తి పనిలో 95 డిగ్రీల దాకా కావాలనే వెళతాయి, అది వాటి తయారీలోనే ఉంది. వాటిని ఎకో మోడ్‌లో (తక్కువ కరెంటుతో నడిపే సెట్టింగులో) పెట్టి కొలవండి.

పెట్టిన పవర్ పరిమితిని కూడా కాగితం మీద రాయండి. రెండో కొలత సరిగ్గా ఇదే పరిస్థితిలో జరగాలి.

2. అంకెలు ఏ ఆకారంలో ఉన్నాయో చూడండి

కోర్లన్నీ 90 దాటి, తేడా మాత్రం ఐదారు డిగ్రీలే ఉంటే మీ సమస్య ఇది కాదు. కూలర్ చాలకపోవడమో, దుమ్మో, క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడమో అయి ఉంటుంది.

ఒక చివర నుంచి ఇంకో చివరకి మెట్లలా పెరుగుతూ పోతే, అంటే 62, 66, 74, 79 లాగా ఉంటే, కూలర్ ఒకవైపు ఒరిగి కూర్చుందని దాదాపు ఖాయం. మధ్యవి మాత్రమే బాగా కాగుతుంటే ప్రాసెసర్ పైనుండే లోహపు మూత మధ్యలో పల్లం పడి ఉండొచ్చు, లేదా అక్కడ పేస్ట్ తప్పుకుని ఉండొచ్చు. చుట్టూ అన్నీ చల్లగా ఉండి ఒకే ఒక్క కోర్ ఎగిరిపడుతుంటే చిప్ లోపలి సంగతో, సెన్సార్ సంగతో అయి ఉండే అవకాశం ఎక్కువ. కూలర్ అంత సూదిమొనలా ఒక్క కోర్‌నే పట్టుకుని ఇబ్బంది పెట్టలేదు.

సాఫ్ట్‌వేర్ చూపించే వరుసే సిలికాన్ మీద వరుస అని మాత్రం నమ్మేయకండి. పాత నాలుగు కోర్ల ఇంటెల్ చిప్‌లు కొన్నిటిలో కోర్లు ఒకే వరుసలో ఉండేవి కాబట్టి మెట్లు స్పష్టంగా కనబడేవి. ఐ9-9900కె లాంటి ఎనిమిది కోర్ల చిప్‌లో నాలుగేసి కోర్లు రెండు వరుసలు. 3వ నంబరు కోర్ పక్కన 4వదే ఉంటుందన్న హామీ లేదు.

వేడి ఎంత వేగంగా పెరుగుతోందో కూడా చూడండి. పరీక్ష మొదలుపెట్టిన ఒకటి రెండు సెకన్లలోనే ఒకవైపు కోర్లు 40 నుంచి 85కి దూకి, ఆపగానే టక్కున పడిపోతుంటే వేడి మూత దాటి కూలర్‌లోకి వెళ్లడం లేదని అర్థం. నాలుగైదు నిమిషాలు మెల్లగా ఎక్కుతుంటే కూలర్‌కి వేడి చేరుతోంది, అది బయటికి పోవడం లేదు. రైజెన్‌లో ఒక్కో సీసీడీ చాలా చిన్న ముక్క కాబట్టి బిగింపు బాగున్నా కొంత దూకుడు ఉంటుంది.

3. విప్పకుండానే చూడగలిగేవి

కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ తెరిచి కూలర్‌ని వేళ్లతో మెల్లగా కదిపి చూడండి. ఊగితే జవాబు దొరికినట్టే.

ఇంటెల్ పెట్టెతో వచ్చే కూలర్‌కి నాలుగు మూలలా నొక్కుడు పిన్నులు ఉంటాయి. ఇన్నేళ్లలో నేను చూసిన వేడి తేడాల్లో సగం వీటి పుణ్యమే. వీటిని ముందునుంచి చూస్తే అన్నీ దిగినట్టే కనబడతాయి. మదర్‌బోర్డు వెనకనుంచి టార్చి వేసి చూడండి. ప్రతి మూలా తెల్ల ప్లాస్టిక్ కాళ్లు రంధ్రం దాటి బయటికి వచ్చి, వాటి మధ్యలోంచి నల్ల పిన్ను దిగి, కాళ్లని విడదీసి నిలబడాలి. ఒక మూల అలా లేకపోతే ఆ పిన్ను దిగలేదు.

వాటర్ కూలర్ అయితే పంపు తిరుగుతోందా, ఎన్ని చుట్లు తిరుగుతోందో బయోస్‌లో చూడండి. గుడగుడ శబ్దం వస్తుంటే పంపులో గాలి చేరి ఉండొచ్చు. మొత్తం అమరికలో పంపే అన్నిటికన్నా ఎత్తులో ఉండకూడదు, రేడియేటర్ (నీళ్లని చల్లార్చే భాగం) పైభాగం దానికన్నా పైన ఉండాలి. కొన్నేళ్లు వాడిన వాటర్ కూలర్లలో బ్లాకు (ప్రాసెసర్ మీద ఆనే భాగం) లోపలి సన్నటి రెక్కల మధ్య మడ్డి పేరుకుని ఒకపక్క నీళ్లు ఆడకపోవడం కూడా ఉంది. అప్పుడూ కోర్లు ఒకపక్కే కాగుతాయి. దానికి పేస్ట్ మార్చడం నొప్పి ఒకచోట, మందు ఒకచోట.

4. విప్పండి, కానీ తుడవకండి

తీసేముందు కంప్యూటర్‌ని పది నిమిషాలు ఏదో ఒక పనిలో నడపండి, పేస్ట్ మెత్తబడుతుంది. తర్వాత కరెంటు పూర్తిగా తీసేసి, స్క్రూలని ఐమూలగా కొద్దికొద్దిగా వదులు చేయండి. కూలర్‌ని నిటారుగా పైకి లాగకండి. అటూ ఇటూ కొంచెం మెలితిప్పి పేస్ట్ పట్టు వదిలాక ఎత్తండి. ఏఎమ్4 అనే సాకెట్‌లో (సాకెట్ అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు) పట్టే రైజెన్‌లకి పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. పేస్ట్ ఎండిపోతే, సాకెట్ మీట వేసే ఉన్నా సరే, ప్రాసెసర్ కూలర్‌కి అంటుకుని ఊడి వచ్చేస్తుంది. అలా వచ్చి ఒక పిన్ను వంగిందంటే ఆ సాయంత్రం గోవిందా.

ఇప్పుడు గుడ్డ అందుకోవాలని చేతులు దురద పెడతాయి, ఆగండి. ప్రాసెసర్ మూతనీ, కూలర్ అడుగునీ పక్కపక్కన ఫొటో తీసుకోండి. ఆ పేస్ట్ మరకే మీకు కావలసిన ఎక్స్‌రే.

బాగా ఆనినచోట పేస్ట్ ఎంత పల్చగా ఉంటుందంటే కింద లోహం మసకగా కనబడుతుంది. ఆననిచోట మందంగా, ఎత్తినప్పుడు సాగి లేచిన చిన్నచిన్న మొనలతో ఉంటుంది. ఒక మూల పల్చగా, ఎదురు మూల మందంగా ఉంటే ఒరుగు. చుట్టూ అంచు పల్చగా ఉండి మధ్యలో మందంగా ఉంటే మూతలోనో, కూలర్ అడుగులోనో పల్లం. మధ్యలో పొడిబారి, పేస్టంతా అంచులకి చేరి ఉంటే ఏళ్ల తరబడి వేడెక్కడం, చల్లబడటంతో అది బయటికి నెట్టుకుపోయింది. కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఇంకా ఉంటే ఎవరికీ చెప్పకుండా పీకేయండి. మనలో చాలామందికి జరిగిందే.

నా పాత నాలుగు కోర్ల కంప్యూటర్ కథ ఇక్కడ చెప్పాలి. పైన మెట్లకి ఉదాహరణగా ఇచ్చిన 62, 66, 74, 79 దానివే. రెండుసార్లు పేస్ట్ మార్చాను, రెండుసార్లూ ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయ్యాయి తప్ప మెట్లు పోలేదు. మూడోసారి విసుగొచ్చి తుడవకుండా దీపం కింద పెట్టి చూశాను. ఎడమపక్క వెండి పొరలా మెరుస్తోంది, కుడిపక్క తడి మట్టిలో వేలు పెట్టి తీసినట్టు గుబురుగా ఉంది. బోర్డు తిప్పి చూస్తే కుడివైపు కింది పిన్ను తెల్ల కాలొకటి లోపలికి మడిచిపోయి, రంధ్రంలోనే ఇరుక్కుని ఉంది. రెండుసార్లు నేనే దాన్ని అలాగే నొక్కి, టిక్కుమన్న శబ్దం విన్నాననుకున్నాను. కాలు నిటారు చేసి మళ్లీ నొక్కితే 63, 66, 67, 64. రెండు ట్యూబుల పేస్ట్ వృథా.

5. శుభ్రం చేసి, సమతలం చూడండి

పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. 90 శాతం పైబడినదైతే త్వరగా ఆరిపోతుంది. పీచు వదలని గుడ్డ వాడండి. లోహపు వస్తువుతో గీకొద్దు.

తర్వాత నిటారుగా ఉన్న స్టీలు స్కేలు అంచుని మూత మీద పెట్టి, వెనకనుంచి వెలుతురు పడేలా పట్టుకుని చూడండి. అడ్డంగా, నిలువుగా, రెండు ఐమూలలుగా పెట్టాలి. స్కేలు కింద నుంచి మధ్యలో వెలుగు సన్నగా వస్తే పల్లం ఉంది. కూలర్ అడుగుకీ ఇలాగే చేయండి. కొన్ని కంపెనీలు అడుగుని కావాలనే మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా చేస్తాయి, దాన్ని లోపం అనుకోకండి.

ఎల్‌జీఏ1700 సాకెట్, అంటే 12, 13, 14వ తరం ఇంటెల్ వాళ్లు ఈ పరీక్ష శ్రద్ధగా చేయాలి. ఆ ప్రాసెసర్ చతురస్రం కాదు, 45 మిల్లీమీటర్ల పొడవు, 37.5 వెడల్పు. సాకెట్ బిగింపు దాన్ని పొడుగాటి అంచుల నడిమిన మాత్రమే నొక్కుతుంది. దానితో చిప్ కొద్దిగా వంగి, మధ్యలో పల్లం పడి, చివర్లు లేస్తాయి. ఈ వంపు వల్ల చిప్ నిర్దేశిత పరిధి దాటదని ఇంటెల్ చెప్పింది, నిజమే కూడా. కానీ కొన్ని డిగ్రీలు పోవడం మాత్రం ఉంది. ఈ బిగింపుకి బదులుగా చుట్టూ సమానంగా నొక్కే కాంటాక్ట్ ఫ్రేమ్‌లు థర్మల్ గ్రిజ్లీ, థర్మల్‌రైట్ లాంటివాళ్లు అమ్ముతారు. పల్లం కళ్లారా కనబడి, పేస్ట్ మరక కూడా అదే చెబితేనే పెట్టండి. దాని స్క్రూలని అతిగా బిగిస్తే కొంత ర్యామ్ కనబడకుండా పోవచ్చు, వదులైనా అంతే. సాకెట్ బిగింపు మారిస్తే వారంటీ వర్తించకపోవచ్చని కూడా గుర్తుంచుకోండి.

రైజెన్‌లో వేరే సంగతి. వేడి పుట్టించే సీసీడీలు మూత కింద నడిమధ్యన ఉండవు, ఒక అంచువైపు ఉంటాయి. అందుకే నోక్టువా, ఆర్కిటిక్ వంటివి కూలర్‌ని కొన్ని మిల్లీమీటర్లు ఆ వైపు జరిపే బిగింపు పట్టీలు ఇస్తున్నాయి. హీట్‌పైపులు (వేడిని మోసుకెళ్లే గొట్టాలు) నేరుగా మూతని తాకే కూలర్లలో ఆ చిన్న సీసీడీ రెండు పైపుల మధ్య సందులో పడితే అక్కడ వేడి లాగే దిక్కు తక్కువ. కూలర్ దిశ మారిస్తే కొన్నిసార్లు అదొక్కటే సరిపోతుంది.

6. తిప్పి బిగించండి

పేస్ట్ చతురస్రపు మూతకైతే మధ్యలో బఠాణీ గింజంత పెట్టండి. ఎల్‌జీఏ1700 లాంటి పొడుగు మూతకైతే ఐమూలగా రెండు సన్నని గీతలు, అంటే గుణకారం గుర్తులా పెట్టండి. కాస్త ఎక్కువైతే అంచులనుంచి బయటికి వస్తుంది, మామూలు పేస్ట్‌కి కరెంటు పారదు కాబట్టి ప్రమాదం లేదు. తక్కువైతేనే చిక్కు. లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం ఇప్పుడు వెళ్లకండి. దానిలోంచి కరెంటు పారుతుంది, అందులోని గాలియం అల్యూమినియం అడుగున్న కూలర్‌ని తినేస్తుంది.

కూలర్‌ని ఇంతకుముందు ఉన్న దిశకి సరిగ్గా ఎదురుగా, 180 డిగ్రీలు తిప్పి పెట్టండి. టవర్ కూలర్ అయితే గాలి అదే వైపు పోయేలా ఫ్యాన్‌ని మార్చి తగిలించండి. నీళ్ల గొట్టాలు అడ్డొచ్చి తిప్పడం కుదరకపోతే అదే దిశలో పెట్టండి, అప్పుడు పరీక్ష సగమే అవుతుంది, పర్వాలేదు.

బిగించడం ఇలా. నాలుగు స్క్రూలూ ముందు రెండేసి చుట్లు పట్టించండి. తర్వాత ఒక మూల అర చుట్టు, దానికి ఐమూల అర చుట్టు, మూడోది, నాలుగోది. స్ప్రింగు స్క్రూలైతే అవి ఆగేదాకా అలాగే వెళ్లండి, ఆగాక బలం చూపించకండి. ఒక మూలని పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే పేస్ట్ ఒకవైపు తోసుకుపోయి మొదటికొస్తుంది. ఆగిన స్క్రూకి ఒక పావు చుట్టు ఎక్కువ పెడదామనిపిస్తే చేయి తీసేయండి.

7. మళ్లీ కొలిచి, తీర్పు చెప్పండి

అదే పరీక్ష, అదే ఫ్యాన్ వేగం, అదే పవర్ పరిమితి, పది నిమిషాలు. కొత్త అంకెల్ని పాతవాటి పక్కన రాయండి. గది వేడి రెండు డిగ్రీలు మారితే కోర్లన్నీ దాదాపు అంతే మారతాయి. మనం చూసేది కోర్ల మధ్య తేడా కాబట్టి దానితో పేచీ లేదు.

తేడా పది లోపుకి వచ్చిందా, పని అయిపోయింది. పేస్ట్, బిగింపు దొంగలు, దొరికిపోయాయి.

వేడి ఎదురువైపు కోర్లకి మారిందా? అయితే వంకర కూలర్ అడుగులోనే ఉంది, దాని పట్టీలో అయినా కావొచ్చు. స్పేసర్లు (పట్టీని సరైన ఎత్తులో నిలిపే చిన్న ముక్కలు) సరైనవేనా, పట్టీ మీ సాకెట్‌దేనా చూడండి. రెండు సాకెట్లకి కలిపి ఇచ్చిన పట్టీలో రంధ్రాలు తప్పుగా ఎంచుకోవడం చాలా మామూలు పొరపాటు. అన్నీ సరిగ్గా ఉంటే కూలర్‌ని అమ్మినవాళ్లకి తిరిగివ్వండి, మీ రెండు కొలతలే సాక్ష్యం.

అదే కోర్, అదే తేడా, కూలర్ తిప్పినా కదల్లేదా? అది చిప్‌ది. ఇక పేస్ట్ మార్చడం ఆపేయండి. ఇక్కడే చాలామంది నాలుగోసారి, ఐదోసారి కొత్త ట్యూబు తెరుస్తారు.

8. దోషం చిప్‌దే అయితే

ముందు అసలు నష్టం ఉందో లేదో చూడండి. ఆ కోర్ మీ రోజువారీ పనిలో హద్దుని తాకుతోందా? తాకకుండా 83 దగ్గర ఉంటే అది చూడ్డానికి బాగోదు, అంతకుమించి ఏమీ లేదు. నేనైతే వదిలేస్తాను.

తాకుతుంటే పవర్ పరిమితిని 15, 20 శాతం తగ్గించండి. వేగం పోయేది స్వల్పం, వేడి తగ్గేది బోలెడు. రైజెన్ 5000, ఆ తర్వాతివాటిలో కర్వ్ ఆప్టిమైజర్‌తో ఆ ఒక్క కోర్‌కి వోల్టేజీ తగ్గించవచ్చు. మైనస్ 5తో మొదలుపెట్టి ఐదైదుగా దిగండి. ఎక్కువ దించితే కంప్యూటర్ పూర్తి బరువులో బాగానే నడిచి, ఖాళీగా ఉన్నప్పుడు ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. కాబట్టి ప్రతి మార్పు తర్వాత ఒకటి రెండు రోజులు మామూలుగా వాడి చూడండి.

డిఫాల్ట్ సెట్టింగులలో, చాలినంత కూలర్‌తో, ఆ ఒక్క కోర్ వల్లే చిప్ కంపెనీ చెప్పిన మూల వేగం (బేస్ క్లాక్) కన్నా కిందికి పడిపోతుంటే వారంటీకి వెళ్లండి. కేవలం తేడా ఎక్కువుందన్న ఫిర్యాదుకి చిప్ మార్చి ఇస్తారని ఆశపడొద్దు.

మూత ఊడదీసి లోపల పేస్ట్ మార్చే పద్ధతి గురించి మీరు వినే ఉంటారు, డీలిడ్ అంటారు. 2012లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్ అనే 3వ తరం నుంచి 8వ తరం దాకా ఇంటెల్ తన మామూలు డెస్క్‌టాప్ చిప్‌లలో మూతకీ సిలికాన్‌కీ మధ్య టంకం బదులు పేస్ట్ వాడింది. ఐ7-3770కె, 4770కె, 7700కె, 8700కె లాంటివాటిలో ఒక కోర్ విడిగా కాగడానికి ఎక్కువగా ఆ లోపలి పేస్టే కారణం. అప్పట్లో డీలిడ్‌కి అర్థం ఉండేది. 2018లో 9వ తరం కె-చిప్‌లతో టంకం తిరిగొచ్చింది. టంకం ఉన్న చిప్‌ని ఊడదీస్తే సిలికాన్ పగిలే ప్రమాదం చాలా ఎక్కువ, వారంటీ ఎలాగూ పోతుంది. పాత 7700కె మూలన పడి ఉంటే సరదాకి చేయండి. రోజూ పని చేసుకునే కంప్యూటర్‌తో ఆ ప్రయోగం వద్దు.

చివరగా, ఆ కొలతల కాగితాన్ని పారేయకండి. తేదీ, గది వేడి, ఫ్యాన్ శాతం, పవర్ పరిమితి, కోర్ల అంకెలు ఉన్న ఆ చీటీని మడిచి క్యాబినెట్ పక్క తలుపు లోపలివైపు టేపుతో అంటించండి. నా దానిలో మూడు వరుసలున్నాయి: బిగించిన రోజు తేడా 6, ఏడాదికి 6, మూడేళ్లకి 11. ఈ మధ్యే దుమ్ము దులిపినప్పుడు నాలుగోసారి కొలిస్తే 14 వచ్చింది. కొత్త ట్యూబు తెచ్చిపెట్టాను, ఈ ఆదివారం విప్పుతాను. మరక ఫొటో తీశాకే తుడుస్తాను.